జిలేబి దగ్గర ఆగిపోయిన ప్రోగ్రాం

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. కాకినాడ హాస్టల్లో అందరూ భయపడే మూలగదిని అడిగి మరీ తీసుకున్నాను, అక్కడ గాలి బాగా వస్తుందని. పైగా నేను ప్రోగ్రామర్ని. కంప్యూటర్ తప్పు చేసిందంటే, రాసినవాళ్ళు ఎక్కడో పొరబడ్డారనే నమ్ముతాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు జంకాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే గొడవ సద్దుమణిగిన కొత్తలో సింగపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. లండన్‌లోని ఒక పత్రికవాళ్ళు తమ పాత ఫోటోలను పెట్టెల్లో పంపేవారు. వాటిని స్కాన్ చేసి కేటలాగు తయారుచెయ్యడం మా పని. అన్నీ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పదేళ్ళలో తీసినవే. వీధి మధ్యలో బల్లలు వేసుకుని విందు చేసుకునే జనం, పొగమంచులో పట్టపగలే లైట్లు వేసుకుని పోయే బస్సులు, సముద్రపు ఒడ్డున గాడిదలెక్కిన పిల్లలు, కొత్త టీవీ ముందు కిక్కిరిసిన ఇరుగుపొరుగు. ఆ మొహాలు చూస్తుంటే పొద్దు తెలిసేది కాదు.

ఫోటోలను వరసగా తీసుకుని కేటలాగులో చేర్చే ప్రోగ్రాం నేనే రాశాను. నాలుగు పెట్టెలు సాఫీగా సాగాయి. అయిదో పెట్టెలో ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. ఆ ఫోటో తెరమీద అలాగే నిలబడిపోయింది.

ఇంటి గుమ్మం ముందు స్టవ్ పెట్టుకుని, కోటు వేసుకున్న ఒక భారతీయుడు మూకుడులో ఏదో వేయిస్తున్నాడు. చుట్టూ తెల్లపిల్లలు. ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పాప ఆయన కోటు పట్టుకుని వేలాడుతోంది. వెనక నుంచి పాలబండి గుర్రం పళ్ళెంలోకి మూతి పెడుతోంది. ఆయన పగలబడి నవ్వుతున్నాడు. ఫోటో వెనక పేరు లేదు. 'చక్కెర రేషన్ ఎత్తేశారు, వీధికి వింత మిఠాయి' అని మాత్రం ఉంది.

మళ్ళీ స్కాన్ చేశాను. నంబరు మార్చాను. వేరే కంప్యూటర్లో నడిపాను. అక్కడే ఆగింది. చివరికి ఆ ఫోటోను జాబితాలోంచే తీసేశాను. ప్రోగ్రాం మొదలుపెట్టగానే తెరమీద మళ్ళీ అదే నవ్వు. మూడు వారాలు ఇదే తంతు. నాకు భయం వెయ్యలేదు గానీ గడువు దగ్గరపడటంతో ఉద్యోగం పోతుందేమోనని బెంగ పట్టుకుంది.

ఆ శుక్రవారం ప్రోగ్రాంను అలా ఆగిన చోటే వదిలి, ఆ ఫోటోను కాగితం మీద ప్రింటు తీసి ఇంటికి తెచ్చుకున్నాను. కేటలాగులో మిఠాయి పేరు రాయాలి. అది జిలేబో జాంగ్రీయో నాకు తేలలేదు.

సింగపూర్‌లో యూ టీ అనే పేటలో మా ఫ్లాటుకు రెండు తలుపుల అవతల జుబేదా ఆంటీ ఉండేవారు. హైదరాబాద్ ఆవిడ. యాభై దాటాయి. మిఠాయిలు చెయ్యడంలో మా బ్లాకులో ఆవిడను మించినవారు లేరు. శనివారం సాయంత్రం వెళ్ళి ఫోటో చేతిలో పెట్టాను.

ఆంటీ కళ్ళజోడు సర్దుకుని చూశారు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక పాత ఉర్దూ ఉత్తరం తెచ్చారు. ఆవిడ ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న లండన్ వెళ్ళాడు. అక్కడే జబ్బుచేసి పోయాడు. పాస్‌పోర్టు కోసం తీయించుకున్న ఒకే ఒక్క ఫోటో ఆయనతోనే వెళ్ళిపోయింది. ఆంటీ తన తండ్రి మొహం ఎన్నడూ చూడలేదు.

ఆయన లండన్ నుంచి రాసిన ఆ ఉత్తరం నాకోసం తెలుగులో చెప్తూ చదివారు. "చక్కెర ఖుల్లాగ దొరుకుతున్నది. గల్లీ పోరగాళ్ళకు జిలేబీ చేసిన. పండ్లు లేని ఓ పోరి నా కోటు ఇడుస్తలేదు. పాలబండి గుర్రం గూడ ఒకటి తిన్నది. పేపరాయన ఫోటో తీసిండు. నా జుబేదాకు ఎప్పుడు తినిపిస్తనో."

ఆంటీ కాగితం మీద వేలు పెట్టి, "బేటా, ఈయన మా అబ్బా!" అన్నారు.

పక్కనే ఉన్న వాళ్ళమ్మాయి ఫోటోలోకి, తల్లి మొహంలోకి మార్చి మార్చి చూసి, "అమ్మీ, సేమ్ నోస్ లా!" అని సింగపూర్ యాసలో అరిచింది. ఆంటీ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టారు. అచ్చం ఆ ఫోటోలో నవ్వే. అమ్మాయి కెమెరా తెచ్చి, తాత బొమ్మను గుండెలకు హత్తుకున్న తల్లిని ఫోటో తీసింది. ఆ సాయంత్రమే పిండి కలిపారు. మా అంతస్తులో అందరికీ వేడి వేడి జిలేబీలు అందాయి. ఎదురింటి చైనీస్ తాతగారు మూడు తిన్నారు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి అయిదో పెట్టె మొత్తం పూర్తయి ఉంది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. వారాంతంలో ఆఫీసు తెరవలేదు. ప్రోగ్రాం దానంతట అదే కదిలిన సమయం రికార్డులో ఉంది. శనివారం సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలు.

తర్వాత అమ్మాయి తీసిన ఫోటో కడిగించి తెచ్చింది. మూలన ఫోటో తీసిన టైము ఎర్రటి అంకెల్లో పడి ఉంది. అయిదూ పది.

ఆంటీకి ఏ సందేహమూ లేదు. "అబ్బాకు ఇంటికి రావాలనిపించింది, వచ్చిండు. గంతే," అన్నారు. ఆ పత్రికవాళ్ళకు సంగతి రాస్తే పెద్ద ప్రింటు వేసి పంపారు. ఇప్పుడది ఆవిడ హాల్లో ఉంది.

నా మేనేజరు మాత్రం లోపం ఎందుకొచ్చిందో, ఎలా పోయిందో ఫారంలో రాసిమ్మన్నాడు. ఆ ప్రోగ్రాంను అప్పుడూ వరస వరసా చదివాను, ఆ తర్వాతా చాలాసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు. కారణం అన్న చోట 'తెలియదు' అని రాసి సంతకం పెట్టాను. ఈరోజు అడిగినా అదే రాస్తాను.