బియ్యం డబ్బా మీద వాషింగ్ మెషిన్ ట్రైనింగ్

మా చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ళింట్లో బియ్యం డబ్బాకి స్విచ్చులుండేవి...

నవ్వకండి, నిజం! నిడదవోలు ఇంట్లో నా నడుము దాటేంత ఎత్తున రేకు డబ్బా ఒకటుండేది. దాని మీద సుద్దముక్కతో వరసగా సున్నాలు చుట్టి... వాష్, రిన్స్, స్పిన్... అని రాసిపెట్టింది మా సువార్త పిన్ని.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ఇంటర్ అయ్యాక ఊళ్ళో కొత్తగా తెరిచిన ఎలక్ట్రానిక్స్ షాపులో చేరింది. షాపు షావుకారు గారు ఆవిణ్ణి రాజమండ్రిలో కంపెనీ ట్రైనింగ్‌కి పంపారు. అక్కడ ఏసీ హాల్లో కూర్చోబెట్టి, వాషింగ్ మెషిన్ గురించి గడగడా చెప్పేసి, మంచి భోజనం పెట్టి, చేతిలో ఓ రంగుల కాగితం పెట్టి పంపేశారు.

తిరిగొచ్చాక షావుకారు గారు ఒకటే మాటన్నారట. "శనివారం డెమో అమ్మా. జనం ముందు చెప్పగలిగితే కౌంటర్ నీది. లేదంటే ఇంకొకళ్ళని చూసుకోవాలి మరి."

పిన్నేమో చర్చిలో వాక్యం చదవమంటేనే చెమటలు పట్టే మనిషి! పైగా మా వీధి మొత్తంలో మెషిన్ ఉన్న ఇల్లే లేదు... మాకున్నది నూతి దగ్గర బట్టలుతికే బండ ఒక్కటే. ఆ ఉద్యోగమంటే పిన్నికి ప్రాణం. అందుకే బియ్యం డబ్బాకి ఆ యోగం పట్టింది.

రోజూ సాయంత్రం వంటింట్లో డెమో. అమ్మ చేతిసంచి భుజానికి తగిలించుకుని నేను కొవ్వూరు నుంచి వచ్చిన టీచరమ్మని. అమ్మమ్మ బేరానికొచ్చిన పెద్దావిడ. అబ్బో, ఆ పెద్దావిడతో వేగడం మాటలు కాదు!

"ఏమ్మాయ్, నా నేత చీర ఇందులో వేస్తే అంచు పీలికలైపోదూ?"

"అవదండీ, మెత్తని బట్టలకి వేరే స్విచ్ ఉందండీ..."

"సరే, మధ్యలో కరెంటు పోతే లోపల బట్టల గతేంటి?"

పిన్ని కాగితం అటూ ఇటూ తిప్పింది. అందులో లేదు! మర్నాడు షాపు ఫోన్లోంచి ట్రైనింగ్ ఇచ్చినాయనకే ఫోన్ చేసి కనుక్కుంది.

ఇంకో చిక్కుంది. డెమోలో మూత ఎత్తాలి కదా... పిన్ని ఎత్తడం ఆలస్యం, అమ్మమ్మ బేరం మర్చిపోయి, "ఎలాగూ తీశావు, ఆ చేత్తోనే బియ్యం కొలిచెయ్యవే" అనేది. "ఎన్ని తవ్వలమ్మా?" అనేది పిన్ని. "రెండు చాల్లే" అనేది అమ్మమ్మ. బియ్యం కొలిచాకే రిన్స్, ఆ తర్వాతే స్పిన్!

శనివారం రానే వచ్చింది. అమ్మమ్మా నేనూ మంచి బట్టలు కట్టుకుని షాపుకెళ్ళి జనంలో నిలబడ్డాం. పిన్ని ట్రైనింగ్‌లో నేర్పిన మాటలు అప్పజెప్పినట్టు చెబుతోంది. జనం గోడల వంక చూస్తున్నారు. షావుకారు గారి మొహంలో నవ్వు లేదు. నాకైతే ఏడుపొచ్చేస్తోంది...

అప్పుడు మూత ఎత్తింది పిన్ని. ఎత్తి, అలవాటుగా మా వైపు తిరిగి...

"ఎన్ని తవ్వలమ్మా?"

"రెండు చాల్లే!" అనేసింది అమ్మమ్మ, జనంలోంచి, గట్టిగా.

ముందు వరసలో ఉన్న ఒక కళ్ళద్దాల ఆవిడ, "తవ్వలేంటమ్మా, మెషిన్లో?" అంది.

పిన్ని మొహం కందిపోయింది. దాచి లాభం లేదనుకుందేమో, ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మా ఇంట్లో మెషిన్ లేదండీ... బియ్యం డబ్బా మీద నేర్చుకున్నానండీ. మూత తీస్తే మా అమ్మ బియ్యం కొలవమంటదండీ..."

ఒక్కసారి గొల్లుమన్నారు అందరూ! షావుకారు గారైతే పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల్లో పిన్ని కూడా నవ్వేసింది... అంతే, భయం ఎటు పోయిందో పోయింది.

"అయితే చెప్పమ్మా, మధ్యలో కరెంటు పోతే?" అంది కళ్ళద్దాలావిడ.

అమ్మమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. చూశావా, నేనడగలా అన్నట్టు!

"ఎక్కడాగిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలెడతదండీ, మీరు మళ్ళీ నొక్కక్కర్లేదండీ..." వంటింట్లో మాతో చెప్పినట్టే చెప్పుకుపోయింది పిన్ని. నేత చీర, అంచు, అన్నీ! కళ్ళద్దాలావిడ అప్పటికప్పుడే మెషిన్ తీసుకుంది.

"ఆ కాగితం పక్కన పడేసి ఇలాగే చెప్పమ్మా. కౌంటర్ నీదే" అన్నారు షావుకారు గారు. ఆ రాత్రి మా ఇంట్లో పరమాన్నం... బియ్యం ఎక్కడివో చెప్పక్కర్లేదుగా!

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి ఆ షాపులో ట్రైనింగ్ ఇచ్చేది మా పిన్నే.

ఈమధ్య నేనుంటున్న ఊళ్ళో ఓ మెషిన్ కొనడానికి వెళ్తే, సేల్స్ అబ్బాయి ఫోన్లో వీడియో పెట్టి నా చేతికిచ్చాడు. నాకు మనసొప్పలేదు. "మధ్యలో కరెంటు పోతే బట్టల గతేంటి బాబూ?" అన్నాను. అతను నవ్వి, ఫోన్ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుని, మూత ఎత్తి ఓపిగ్గా చెప్పడం మొదలెట్టాడు. నా నోటి దాకా వచ్చింది... రెండు చాల్లే అని!

ఇవాళ ఇంటింటికీ నిజం మెషినే ఉంది. మూత తీస్తే బియ్యం కొలవమనే అమ్మమ్మే లేదు... మీ ఇంటి బియ్యం డబ్బా ఏమేం వేషాలేసిందో మీరూ చెప్పండి, మా పిన్నికి చదివి వినిపిస్తాను.