ఒడిబియ్యం నాటి పెరుగు, పద్నాలుగు సూదులు

నా పొట్ట మీద, బొడ్డు చుట్టూ, పద్నాలుగు సూదిపోట్లు పడ్డాయి. వాటి మచ్చలు ఎప్పుడో పోయాయి గానీ, మా అత్తగారి ఊళ్లో ఆ ముచ్చట మాత్రం పోలేదు. ఇప్పటికీ అక్కడ ఏ పెళ్లికి వెళ్లినా, నా విస్తట్లో పెరుగు పడగానే ఎవరో ఒక పెద్దాయన గొంతెత్తుతాడు. "జర ఆగుండ్రి. గీ పెరుగు తినొచ్చో లేదో డాక్టర్ అల్లుణ్ణి అడుగుండ్రి!" పందిరంతా గొల్లుమంటుంది. ఒక బర్రె, ముప్ఫై మంది చుట్టాలు, ఒక తెలివైన అల్లుడు కలిస్తే ఎంత ఘోరం జరగొచ్చో ఇప్పుడు మీకు చెబుతాను. ఆ తెలివైనవాణ్ణి నేనే. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నేను నవ్వడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది.

అరవైల మొదట్లో మాట. నాకు కొత్తగా పెళ్లయింది. పశువుల దవాఖానలో ఉద్యోగం. ఉద్యోగమంటే మరేమీ కాదు, రిజిస్టర్ రాయడం. ఏ ఊరి ఎద్దు వచ్చింది, దానికేమైంది, డాక్టరు సాబ్ ఏ మందిచ్చాడు, ఇంతే. కానీ మోత్కూర్ దగ్గరి మా అత్తగారి ఊళ్లో "దవాఖానలో చేస్తాడు" అన్న మాట ఊరు చుట్టి వచ్చేసరికి నేను డాక్టర్ అల్లుణ్ణయిపోయాను. నేను కాదనలేదు. కాదనడానికి నోరు రాలేదు. పైగా మా మామ నలుగురిలో "మా అల్లుడు లేకుంటే ఆడ పెద్ద డాక్టరు సూది వట్టడట" అని చెబుతుంటే, పక్కన కూర్చుని మీసం సవరించుకున్న మహానుభావుణ్ణి నేను.

ఆ శ్రావణంలో నా భార్య సుగుణకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోశారు, ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి దీవించే వేడుక. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్ఫై మంది దాకా చుట్టాలొచ్చారు. భోజనాల్లో అందరూ మెచ్చుకున్నది పెరుగును. కత్తితో కోసినా కదలనంత గట్టి పెరుగు. అది ఇంటి చుక్కబర్రె పాలతో తోడేసింది. నొసటన తెల్లచుక్క ఉన్న ఆ బర్రెను దూడగా ఉన్నప్పటి నుంచి సుగుణే పెంచింది. నన్ను చూసినప్పటి కంటే ఆ బర్రెను చూసినప్పుడే ఆమె మొహం ఎక్కువ వెలిగేదన్న సంగతి నేను గమనించాను, లోలోపల కొంచెం ఉడుక్కున్నాను కూడా.

మర్నాడు పొద్దున చుట్టాలంతా ఇంకా ఇంట్లోనే ఉన్నారు. కొట్టంలో నుంచి సుగుణ కేక వినిపించింది.

"బాపూ! చుక్కబర్రెకు ఏమో అయితాంది!"

అందరం పరుగెత్తాం. బర్రె మెడ చాచి నిలబడింది. నోటి నుంచి చొంగ తాళ్లు తాళ్లుగా కారుతోంది. అరవబోతే బొంగురు గొంతు తప్ప అరుపు రావడం లేదు. కుడితి తొట్టి ముందు పెడితే మూతి పెట్టింది, ఒక్క గుక్క తీసుకుంది, అంతలోనే నీళ్లు ముక్కులోంచి బయటికి చిమ్మి, బెదిరి వెనక్కి జరిగింది.

ముప్ఫై మంది మొహాలు నా వైపు తిరిగాయి. మా మామ చేతులు కట్టుకుని అడిగాడు.

"జర సూడు అల్లుడా. నీ అసొంటోడు ఇంట్ల ఉండంగ మాకేం ఫికర్?"

అప్పుడే నేను "నాకు తెలియదు మామా" అని ఉంటే ఈ కథే లేదు. కానీ కొత్త అల్లుడు "తెలియదు" అనడం నాకు అప్పట్లో లుంగీ ఊడిపోవడంతో సమానం. చొక్కా చేతులు పైకి మడిచాను. డాక్టరు సాబ్ చేసేది చూశాను గనుక, బర్రె నోరు తెరిచి చెయ్యి లోపలికి పెట్టాను. నాలుక పక్కకు లాగాను. ఏం వెతుకుతున్నానో నాకు తెలియదు. మోచేతి దాకా చొంగ పూసుకుని, గంభీరంగా తలాడించాను.

రిజిస్టర్‌లో నా చేత్తో నేనే రాసిన ఒక పేజీ కళ్ల ముందు మెదిలింది. చొంగ, గొంతు బొంగురు, నీళ్లంటే బెదురు. మూడూ కలిశాయి. జాతకాలు కూడా అంత బాగా కలవవు.

"ఈ మధ్య ఊళ్లో కుక్కలేమైనా తిరిగాయా?" అని అడిగాను.

"కుక్కలు తిరగని ఊరు ఉంటదా అల్లుడా?" అన్నాడు మామ.

"అదే! ఇది పిచ్చికుక్క రోగం. దీని వెనక వైరస్ ఉంటుంది."

అందరూ బర్రె వెనక్కి తొంగి చూశారు.

అరుగు మీద కూర్చున్న సుగుణ వాళ్ల అవ్వ చేతికర్ర ఊపింది. "గదేం కాయనయ్యా?"

"కాయ కాదు అవ్వా. కంటికి కనిపించని పురుగు."

"కనిపించనిది నీకెట్ల కనిపించింది కొడుకా?"

చుట్టాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మండింది. ఇక ఉపన్యాసం మొదలుపెట్టాను. పిచ్చికుక్క చొంగలో వైరస్ ఉంటుందని, అది కరిస్తే పశువు ఒంట్లోకి దిగుతుందని, నరాల వెంట మెల్లగా నడిచి మెదడు చేరుతుందని, అక్కడి నుంచి మళ్లీ చొంగలోకి వచ్చి మనిషి కోసం కాచుకుంటుందని, బస్సు ఏ ఊళ్లో ఆగుతుందో చెప్పినట్టు చెప్పాను. ఇంతవరకు నిజమే, డాక్టరు సాబ్ నోట విన్నదే. అక్కడ ఆపితే నేను నేనెట్లా అవుతాను?

"అది పాలల్లోకి కూడా వస్తుంది. నిన్న మనమంతా పెరుగు తిన్నాం" అన్నాను.

మూడుసార్లు మారు పెరుగు వేయించుకున్న ఒక లావాటి పెద్దమనిషి అక్కడే కూలబడ్డాడు.

"అవ్వా, అయ్యా అని మొత్తుకునుడు గాదు" అంది అవ్వ. "నిన్న తాటివనం దిక్కు మేతకు వొయింది. పండ్లు రాలుతున్న దినాలు. టెంక గొంతుల అడ్డం వడ్డదో ఏమో. మాపటి దాంక సూడుండ్రి."

"చూడడానికి లేదు అవ్వా!" అని అరిచాను. "ఈ రోగం మహా మోసకారి. మధ్యలో తగ్గినట్టే కనిపిస్తుంది. మేత మేస్తుంది, పాలిస్తుంది. నమ్మారో, పోయారే! పదిహేను రోజుల దాకా, బర్రె బాగుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు."

ఈ ముక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు. అవ్వ నోరు మూయించడానికి అప్పటికప్పుడు నేను పుట్టించింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

"దాన్ని తీసుకుపోయి ఊరవతల మెట్టచెలక మీద కట్టేయండి. మేత వద్దు, నీళ్లు వద్దు. దానంతట అది పోతుంది" అని తీర్పు చెప్పాను. సుగుణ నా వైపు చూసింది. పెళ్లయ్యాక ఆమె నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి. ఆ చూపులో ప్రేమ లేదని నా అంతటి వాడికి కూడా అర్థమైంది.

బర్రెను చెలక మీద కట్టేసి వచ్చారు. అల్లుడి మాట కదా! బండ్లు కట్టారు. రోడ్డు దాకా బండ్ల మీద, అక్కడి నుంచి బస్సులో, సూదులు వేయించుకోవడానికి నల్లగొండకు బయలుదేరాం. అవ్వ మాత్రం రానంది. "నాకు పండ్లు లెవ్వు. పిచ్చి లేసినా ఎవర్ని కరుస్త?" అంది. అవ్వకు తోడుంటానని సుగుణ కూడా ఆగిపోయింది. బస్సులో దారి పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ముందు ఎవరు మొరుగుతారో అన్నట్టు. ఎవరైనా దగ్గితే పక్కవాడు సీటు మారేవాడు.

దవాఖానలో డాక్టరు మా గుంపును చూసి కళ్లజోడు తీశాడు.

"ఏం పెండ్లివారా? ఎవర్ని కరిచింది?"

"ఎవర్ని కరవలే సాబ్. పిచ్చి లేసిన బర్రె పెరుగు తిన్నం" అన్నాడు మామ.

"పాలు కాచిండ్రా?"

మామకు రోషమొచ్చింది. "కాచుడు ఏంది సాబ్! దాలిల పిడకల మీద పొద్దంత కాగి ఎర్రగైన పాలు!"

"గట్ల కాగినంక ఏ వైరస్సూ బతకది. పోండ్రి, పోయి పనులు చేసుకోండ్రి."

ముప్ఫై మంది ఒక్కసారి ఊపిరి వదిలారు. మారు పెరుగు పెద్దమనిషి మాత్రం ముందుకొచ్చి, "ఇంత దూరం వచ్చినం, ఒక్కటన్న ఎయ్యుండ్రి సాబ్" అని బతిమాలాడు. డాక్టరు అతణ్ణి గదమాయించి, మా అందరి వైపు తిరిగాడు.

"దాని నోట్ల చెయ్యి వెట్టినోళ్లు ఎవరన్న ఉన్నరా?"

అందరి తలలూ మెల్లగా నా వైపు తిరిగాయి.

"నువ్వెందుకు వెట్టినవ్?"

"పరీక్ష... చేసిన సాబ్. పశువుల దవాఖానల పని చేస్త."

"డాక్టరువా?"

"కాదు సాబ్."

"కాంపౌండరువా?"

"కాదు సాబ్."

"మరేంది?"

గోడవైపు చూస్తూ చెప్పాను. "రిజిస్టర్ రాస్త."

వెనక మా మామ గొంతు సవరించుకున్న చప్పుడు నాకు ఈ రోజుకీ వినిపిస్తుంది. డాక్టరు నా చెయ్యి తిప్పి చూశాడు. ముందురోజు కొబ్బరికాయ కొడుతుంటే వేలు గీరుకుపోయింది, పచ్చిగానే ఉంది.

"పుండు మీద చొంగ వడ్డది. వీళ్లకెవ్వరికి సూదులు అక్కర లేదు. నీకు పద్నాలుగు. దినాం ఒకటి, బొడ్డు సుట్టు. బర్రె పది దినాలు మంచిగుంటే ఆపేద్దాం. ఇంటికాడి నుంచి కబురు తెప్పిచ్చుకో."

నవ్వు సంగతి పక్కన పెట్టి ఒక మాట చెబుతాను. ఆ క్షణంలో నాకు నిజంగా భయమేసింది. ఆ రోగం వచ్చినవాడు బతకడని నాకు తెలుసు. సుగుణ కాళ్ల పసుపు ఇంకా ఆరలేదు, ఆమెను ఏం చేసి పోతున్నానా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి సూది చూడగానే ఆ నీళ్లు బయటికే వచ్చాయి.

చుట్టాలంతా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. నేను నల్లగొండలోనే మా మేనమామ ఇంట్లో ఉండిపోయాను. రోజూ దవాఖానకు నడిచి వెళ్లడం, చొక్కా ఎత్తి పడుకోవడం, మూలిగి లేవడం. బొడ్డు చుట్టూ బొబ్బర్లు ఎండబెట్టినట్టు గడ్డలు కట్టాయి.

మూడో రోజు మా బావమరిది యాదగిరి సద్దిమూట తెచ్చాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"బర్రె ఎట్లుంది?"

"మేస్తాంది బావా. పాలు గూడ ఇస్తాంది."

"నిజంగానా!"

"నిజమే. గానీ నువ్వు చెప్పినవ్ గద బావా, తగ్గినట్టే కనిపిస్తదని. గందుకే మేం నమ్ముతలేం. నువ్వు గూడ నమ్మొద్దని చెప్పమన్నది అక్క."

ఎనిమిదో రోజు వాడు మళ్లీ వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"ఏమైందిరా?"

"పాలు ఇంకింత ఎక్కువైనయ్ బావా. ఒళ్లు చేసింది. సూస్తేనే భయమైతాంది."

పదో రోజు డాక్టరు అడిగాడు. "బర్రె ఎట్లుందట?" మంచిగుందని ఒక్క మాట అంటే మిగిలిన సూదులు తప్పేవి. కానీ నేను పుట్టించిన అబద్ధాన్ని అప్పటికి ఈ లోకంలో నా అంత గట్టిగా నమ్మినవాడు ఇంకొకడు లేడు. "ఇంకా అనుమానమే సాబ్" అని చొక్కా ఎత్తి పడుకున్నాను.

పద్నాలుగూ అయ్యాక, నడుం వంచి పొట్ట పట్టుకుని అత్తగారింటికి చేరాను. కొట్టంలో చుక్కబర్రె నిగనిగలాడుతూ నెమరేస్తోంది. సుగుణ పాలు పిండుతోంది. లేచి లోపలికి వెళ్లి, గూట్లోంచి ఏదో తెచ్చి నా చేతిలో పెట్టింది. కడిగి ఆరబెట్టిన తాటి టెంక.

"మీరు బస్సెక్కినంక చెలక కాడికి పోయినం. అవ్వ మెడ కింద మెల్లగ నిమిరింది. మాపటికి గిది బయటవడ్డది."

"ఆ రోజేనా!" నా గొంతు చుక్కబర్రె గొంతులా బొంగురు పోయింది. "మరి యాదగిరితో ఒక్క మాట చెప్పి పంపొచ్చు గదా!"

సుగుణ పాలచెంబు నేల మీద పెట్టింది. "టెంక అని అవ్వ మీ మొహం మీదనే చెప్పింది గద, నమ్మిండ్రా? ఎవరు చెప్పినా నమ్మొద్దంటిరి. అల్లుని మాట మేమెట్ల కాదంటం?" బర్రె మెడ నిమురుతూ, "నా బర్రెకు నీళ్లు గూడ పొయ్యొద్దంటిరి" అంది. నాకు సూదులన్నీ మళ్లీ ఒకేసారి పొడిచినట్టయింది. తప్పయిందని చెప్పాను. ఆమెకు చెప్పి, ఆమె చూస్తుండగానే బర్రెకు కూడా చెప్పాను. అప్పుడు నవ్వింది సుగుణ.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. చలికాలంలో మళ్లీ అత్తగారింటికి వెళితే, అవ్వ ఉడకబెట్టిన గేగు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. టెంకలు పాతిపెడితే మొలిచే తియ్యటి మొలక అది. నాకు మహా ఇష్టం. సగం కొరికాక అవ్వ నా పక్కన కూర్చుంది.

"మంచిగున్నదా కొడుకా?"

"చాలా బాగుంది అవ్వా. ఎక్కడిది?"

"గూట్ల ఉండె గద, గా టెంకనే పాతివెట్టిన. నీ వైరస్ మొలిచింది. తిను."

ఆ గేగు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. చొంగ కార్చే పశువు నోట్లో చెయ్యి పెట్టను. పెట్టకూడదు కూడా, ఆ రోగం అంత చెడ్డది. తెలియని దాన్ని తెలియదని చెబుతాను. ఇంట్లో ఉన్న అవ్వను అడగకుండా ఏ రోగానికీ పేరు పెట్టను. ఈ మాట అందరిలా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పడం లేదు, పొట్ట మీద వేసుకుని చెబుతున్నాను.