బుడ్డోడికి పట్టిన గంజి

ఆ రోజుల్లో పంజగుట్టలో డాక్టరు కంటే దెయ్యం సులువుగా దొరికేది. (చుట్టూ రాళ్ళు, సీతాఫలం చెట్లు, మధ్యలో మావంటి నేతవాళ్ళ ఇళ్ళు కొన్ని. అంతే.) మా ఇంట్లో రోగమేదైనా వైద్యం నాయనమ్మదే. మొదట దిష్టి తీసేది, తగ్గకపోతే లంఖణం పెట్టేది, దానికీ లొంగకపోతే చురక. ఆమె ముందు నోరెత్తడానికి మా నాయనకే ధైర్యం చాలేది కాదు. అలాంటి మనిషితో పద్నాలుగేళ్ళ ఆడపిల్లను నేను కొట్లాడి గెలిచాను. ఇప్పుడెందుకు ఈ గొప్పలు అంటారేమో. ఇన్నేళ్ళు దాచుకున్నాను, ఇక నావల్ల కాదు.

ఆ వానాకాలం మా వాడకట్టులో పసిపిల్లలందరికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇప్పుడైతే వైరస్ అంటారు. అప్పుడు గాలి సోకిందనేవాళ్ళం. జబ్బు పడ్డ పిల్లను చూడటానికి వచ్చిన ప్రతి తల్లీ ఆ పిల్లను ఎత్తుకుని, మూతి తుడిచి, ముద్దాడి, ఇంటికి పోయి అవే చేతులతో తన పిల్లకు ముద్దలు కలిపేది. (గాలికి అంతకంటే మంచి బండి ఎక్కడ దొరుకుతుంది?) అలా తిరిగి తిరిగి అది మా అన్న కొడుకు దగ్గరికి వచ్చింది. వాడికి ఇంకా ఏడాది నిండలేదు. ఇంటిల్లిపాదీ బుడ్డోడనేవాళ్ళం.

తాగిన పాలు తాగినట్టే కక్కుతున్నాడు. నాయనమ్మ వెంటనే పాలు, నీళ్ళు రెండూ ఆపించింది. "పైనకెల్లి పోస్తుంటే కిందికెల్లి పోతున్నది. పోసుడు బంద్ చేస్తే పోవుడు బందైతది" అంది. ఈ లెక్క అందరికీ బాగానే తోచింది, ఒక్క మా వదినకు తప్ప. పాపం, కొడుక్కి పాలివ్వలేక మూల కూర్చుని ఏడుస్తోంది. మధ్యాహ్నానికి వాడి కళ్ళు లోపలికి పోయాయి, మాడు గుంట పడింది, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. నాయనమ్మ మా అన్నను ఎర్రగడ్డ దిక్కు తోలింది, చురకలేసే ముసలాయనను పిలుచుకు రమ్మని. కాల్చిన పసుపుకొమ్ము ఆ పసివాడి పొట్టమీద పెడతారన్న మాట. నేను తడిబట్టతో వాడి మూతి తుడవబోతే, దాన్ని నోట పట్టుకుని చీకడం మొదలెట్టాడు. లాగినా వదలలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాయనమ్మా, పోరడు దూపకు సస్తుండు. ఏమన్న తాగిద్దాం" అన్నాను.

"నోర్ముయ్. తాగిస్తే పాణం పోతది."

"మరి పడుగు నూలుకు గంజెందుకు పెడ్తవ్?"

"పెట్టకుంటె పోగు తెగుతది. గది సుత తెల్వదా?"

"వీని పేగు సుత గట్లనే ఎండింది. గంజి పట్టకుంటె తెగుతది."

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు, ఏ వైద్యశాస్త్రంలోనూ ఉండదు. కానీ నాయనమ్మ పుట్టిన దగ్గర్నుంచి మగ్గం పక్కన బతికిన మనిషి. పోగు తెగుతుందంటే నిద్ర పట్టేది కాదు ఆమెకు. బియ్యం చేట నా ముందుకు తోసింది. "పల్చగ కాచు. వానికేమన్న అయితే నీ సంగతి జెప్త" అంది.

చేతులు శుభ్రంగా కడుక్కున్నాను. బియ్యం మెత్తగా ఉడికించి, పలచగా గంజి వార్చి, చిటికెడు ఉప్పు వేసి, చల్లారాక ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పట్టాను. మొదటిసారి మొత్తం నా ఓణీ మీదే కక్కాడు. నాయనమ్మ చూసిన చూపుంది చూశారూ, చురకకంటే ఘోరం. కాసేపాగి మళ్ళీ పట్టాను. "వదినా, నడుమ నడుమ నువ్వు పాలియ్యి" అన్నాను, అన్నీ తెలిసినదానిలాగా.

పొద్దు వాలుతుండగా ముసలాయన రానే వచ్చాడు. "జర నిప్పులియ్యుండ్రి" అంటూ పసుపుకొమ్ము తీశాడు. నాయనమ్మ బుడ్డోణ్ణి ఒళ్ళో పడుకోబెట్టి అంగీ పైకి జరిపింది. సరిగ్గా అప్పుడే, పొద్దున్నుంచి చుక్క పోయనివాడు, ఆమె చీర నిండా ఉచ్చ పోశాడు. ఆమె చీర చూసుకుంది, వాణ్ణి చూసింది. "పోసిండే. నా తండ్రి పోసిండు" అని బోరున ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "పోయిరా తమ్మీ, నీతోని పని లేదిగ" అంది ముసలాయనతో. ఒక పోరడి ఉచ్చకు అంత సంబరం పంజగుట్టలో మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

మర్నాటి నుంచి నాయనమ్మ ఇల్లిల్లూ తిరిగి గంజి పట్టించింది. ఆమె పేరు అమీర్‌పేట దాకా పాకింది. ఎవరడిగినా "నేనే పట్టిచ్చిన" అనేది. నేను కిక్కురుమనలేదు. ఆమె చెబితే తల్లులు వింటారు గాని, లంగా ఓణీ వేసుకున్న పోరి మాట ఎవరు వింటారు?

బుడ్డోడికిప్పుడు మనవలు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా "ముత్తవ్వ లేకుంటే నేను లేను" అని పదిమందిలో చెబుతాడు. నేను పక్కనే కూర్చుని, నవ్వుతూ తలూపుతాను. ముసలిదాన్నయ్యాక పేరు కోసం పేచీ పెడితే ఏం బాగుంటుంది? కానీ మీతో చెప్పడానికేం, ఆ గంజి నాది.