కోదాడ దారిలో మూడు జరిమానాలు

మొన్న సోమవారం పొద్దున పదీ ఇరవైకి మనవడు తన కారు బీమా కాగితం నా చేతికిచ్చాడు. నిరుటి కన్నా ఎక్కువ కట్టాలట. "చలాన్లు పడ్డయి కదా అమ్మమ్మా, అందుకే పెంచిన్రు" అన్నాడు. "బండి నువ్వే నడిపినవా?" అని అడిగాను. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒకసారి ఎవరూ అడగలేదు.

1949 వేసవిలో ఒక మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. సూర్యాపేటలో మా అరుగు మీద బీమా ఏజెంటు మజ్జిగ తాగుతున్నాడు. నాకు పదకొండేళ్లు. నాయనకు బియ్యం మిల్లు, ఒక నల్లకారు, ఎనిమిదేళ్లుగా ఒకే డ్రైవరు ఉండేవారు. కమ్యూనిస్టుల కోసం గాలిస్తూ, ఎవరి బండి ఎక్కడికి పోయిందని పోలీసులు ఆరా తీసే రోజులవి. ఇంట్లో పిల్లి అడుగులు వినబడినా నాయనకు అనుమానమే. అందుకని కారు వెళ్లిన రోజు, గంట, ఊరు నాచేత నోటుబుక్కులో రాయించేవాడు. "ఎవరు" అన్న గడిలో ఎప్పుడూ డ్రైవరు పేరే. కారు పోతే డ్రైవరు పోయినట్టే, అది మా ఇంటి పద్ధతి.

ఏజెంటు డ్రైవరు లైసెన్సు వెనక్కి తిప్పి పోలీసుల ఉర్దూ రాతలు చదివాడు. "మూడు జుర్మానాలున్నయ్ సేటూ. మూడూ కోదాడ తొవ్వలనే, జోరుగ నడిపినందుకు. ఈయన ఉంటే బీమా నూటిరవై రూపాయలు, మార్చుకుంటే ఎనభై."

నాయనను పట్టుకున్నది నలభై రూపాయలు కాదు. కోదాడకు అంత జోరుగా ఎందుకు పోయాడు, ఎవరిని ఎక్కించుకున్నాడు అన్న అనుమానం. డ్రైవరు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. నాయన మాత్రం నా వైపు తిరిగి "బుక్కు తే" అన్నాడు. మూడు తేదీలూ దొరికాయి, మూడింటి పక్కనా అతని పేరే, నా ముత్యాల్లాంటి అక్షరాల్లో. నేను గర్వపడ్డాను కూడా. "రేపట్నుంచి రాకు" అన్నాడు నాయన. డ్రైవరు ఒకసారి నాయన పక్కన కూర్చున్న మా చిన్నాయన వైపు చూసి, తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటేడు అదే ఏజెంటు వచ్చి కొత్త డ్రైవరు లైసెన్సు తిప్పాడు. ఒక జుర్మానా, కోదాడ తొవ్వలోనే. "తొంభై అయిదు" అన్నాడు. కొత్తవాడికి మొహమాటం లేదు. "నేను పక్కసీట్ల కూసున్న సేటూ. నడిపింది చిన్నసేటు. పోలీసాయన ఆపంగనే, నేనే నడిపినట్టు నా లైసెన్సు సూపియ్యమన్నడు చిన్నసేటు."

చిన్నసేటని వాళ్లు పిలిచేది మా చిన్నాయననే. నాయన ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ వెళ్లాడు. పాత డ్రైవరు ఒక మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. మెడ మీద తవుడు.

"మూడు జుర్మానాలున్నోనికి బండెవరిస్తరు సేటూ?" అన్నాడు.

"మళ్ల రా. జీతం పెంచుత."

"చిన్నసేటుకు బండి నేర్పినోణ్ణి, ఆయన పేరు నా నోట రాదు. మీరడిగితే నేను నడపలేదని మాత్రం చెప్పేటోణ్ణి. మీరు నన్నడగలే, బుక్కునడిగిన్రు." నా తల నిమిరి, మరో బస్తా కిందికి వంగాడు.

మొదటి ఏడు మిగిలింది నలభై రూపాయలు. రెండో ఏడు ఎక్కువ కట్టింది పదిహేను. పోయింది ఒక మనిషి, అతని ఎనిమిదేళ్ల నౌకరీ, నా రాత మీద నాకున్న నమ్మకం. ఇన్నేళ్లయినా వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు.