దుర్గది దొంగ జ్వరం కాదు

మా చిన్నప్పుడు... మా చెల్లి దుర్గకు వచ్చింది దొంగ జ్వరం కాదు. ఈ మాట కిరణ్‌కి చెబుతున్నాను. పటమటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు గారబ్బాయి. మొన్న ఆ పాత ఇంటి ఫోటో పెట్టి, "కాంపౌండ్ మొత్తానికి ఒకటే థర్మామీటరు, అందరం ఒకటే కుటుంబం... దుర్గ దొంగ జ్వరాలు గుర్తున్నాయా?" అని రాశాడు. కింద అందరూ నవ్వారు. దుర్గ అది చూసింది.

థర్మామీటరు ఒకటే... ఆ మాట నిజం. అది కిరణ్ వాళ్ల అమ్మగారిది. గాజుది, లోపల పాదరసం. గోడ అలమరలో నీలం ప్లాస్టిక్ గొట్టంలో ఉండేది. ఎవరి ఒళ్లు కాలినా ఆవిడే తెచ్చి, మణికట్టుతో టపటపా విదిలించి, పాదరసం కిందికి దించి ఇచ్చేవారు. మేం వాళ్ల వరండా మెట్ల కింద నిలబడేవాళ్లం.

కిరణ్‌కి నాలుక కింద పెట్టేవారు. పక్క వాటాలో టీచరుగారి పిల్లలకూ నోట్లోనే. మాకు మాత్రం చంకలో... మా అమ్మ మార్కెట్లో చేపలు అమ్మేది మరి.

"మీకు నీచు వాసన కదమ్మాయ్... ఏవనుకోకు. చంకలో పెట్టుకోండి, ఎక్కడైనా జ్వరం జ్వరవే" అనేవారు ఆవిడ. నవ్వుతూనే అనేవారు.

"అట్టాగేనండీ అమ్మగారూ" అనేది మా అమ్మ.

కానీ చంకలో పెడితే నోట్లో కన్నా తక్కువ చూపిస్తుంది. దాదాపు ఒక డిగ్రీ. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

దుర్గ ఐదో తరగతి... పరీక్షల ముందు ఒళ్లు నొప్పులంది, అన్నం ముట్టలేదు. చంకలో పెట్టారు. పాదరసం నూరు దాటలేదు.

"జ్వరవా పాడా! బడి ఎగ్గొట్టే వేషాలు" అన్నారు కిరణ్ వాళ్ల అమ్మగారు.

"నిజంగా నొప్పిగా ఉందండీ" అంది దుర్గ.

"నువ్వు అబద్ధం ఆడతావేమో గానీ, ఇది ఆడదులేవే" అన్నారు ఆవిడ, థర్మామీటరు ఊపుతూ. వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. కిరణ్ కూడా.

అమ్మ ఆవిడ మాట నమ్మింది. దుర్గకు జడలు వేసి బడికి పంపింది. మర్నాడూ అదే చంక... అదే మాట. ఆ తర్వాత ఒక పొద్దున ప్రార్థన జరుగుతుండగా దుర్గ పడిపోయింది.

ఆసుపత్రిలో నర్సు దుర్గ నోట్లోనే పెట్టింది. తీసి చూసి, మా అమ్మ వైపు తిరిగింది.

"ఇంత జ్వరం పెట్టుకుని పిల్లని బడికెట్టా పంపావమ్మా?"

"జ్వరం లేదన్నారండీ..."

"ఎవరన్నారు?"



టైఫాయిడ్. పరీక్షలు పోయాయి, జుట్టు ఊడింది. తన జట్టు పిల్లలు ఆరో తరగతికి వెళ్లారు. దుర్గ చిన్నపిల్లల మధ్య కూర్చుని అదే తరగతి మళ్లీ చదివింది.

దుర్గ లేచి తిరిగాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లింది.

"నోట్లో పెట్టే థర్మామీటరు ఇవ్వండి."

"ఎక్కడ పెట్టినా అదేనమ్మా."

"నోట్లో పెట్టేదే ఇవ్వమంటున్నానుగా!"

ఇంటికొచ్చి, కడిగి, జ్వరం లేకపోయినా ముందు దుర్గ నోట్లో పెట్టింది.

ఇప్పుడు నేను వెల్డింగ్ పని చేస్తాను. మా ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉంది, విదిలించే పని లేదు. పిల్లలకు చంకలోనే పెడతాం. డాక్టరుకు "చంకలో చూశామండీ" అని చెబుతాం. చంకలో పెట్టడం తప్పు కాదు. చంకలో చూసి, నోటి లెక్కన పిల్లను అబద్ధాలకోరును చేయడం తప్పు.

ఆ పాత ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ లేచింది. ఇప్పుడు జ్వరం చూసుకోవడానికి ఎవరూ ఎవరి మెట్ల కిందా నిలబడక్కర్లేదు... మీ వీధిలో థర్మామీటరు ఎవరింట్లో ఉండేది? మీకు ఎక్కడ పెట్టేవాళ్లు? కింద రాయండి.

కిరణ్... నువ్వు మాత్రం ఇక్కడ రాయకు. నాకు ఫోనూ చేయకు. ఆదివారం సాయంత్రం ఆరింటిలోగా నీ పోస్టులో ఆ వాక్యం కొట్టేసి, అంతమంది నవ్విన చోటే "దుర్గకు టైఫాయిడ్ వచ్చింది, మేం నమ్మలేదు" అని రాయి. రాశాక దుర్గకు చెప్పు.