మధ్యవర్తి క్యాలెండర్

టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్‌లో ఏ ఆంటీ అయినా నా ఉద్యోగం ఏమిటని అడిగితే ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌ని అని చెప్పేదాన్ని. అంటే ఏం చేస్తావమ్మా అని ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు కాబట్టి నాలుగేళ్ళు గడిచిపోయాయి.

చేసేది ఇది. చైనాలో ఒక కంపెనీ పంపులు తయారుచేస్తుంది. గల్ఫ్‌లో ఒక కంపెనీ ఆ పంపులతో సముద్రపు నీళ్ళు తోడి, ఉప్పు తీసి, ఊళ్ళకు పంపుతుంది. ఆ ఇద్దరి మధ్య టెక్సస్‌లో మేము. పంపు మాది కాదు, సముద్రం మాది కాదు, ఆ నీళ్ళు మేము తాగం. కానీ వాళ్ళిద్దరూ పని గురించి ఏం మాట్లాడుకోవాలన్నా మా ద్వారానే మాట్లాడుకోవాలని ఒప్పందంలో ఒక క్లాజు ఉండేది. ఆ క్లాజు మీద నా ఉద్యోగం, ఉద్యోగం మీద నా వీసా, వీసా మీద నా అపార్ట్‌మెంటూ కారూ నిలబడి ఉండేవి. క్లాజు మొత్తం రెండు వాక్యాలు.

మొదట్లో ఇంత వింతగా ఉండేది కాదట. ప్లాంటు కట్టిన కొత్తలో పంపులు అమెరికావే, వాటిని నడిపే సాఫ్ట్‌వేరూ అమెరికాదే. తర్వాత ఒక్కొక్కటిగా చైనావి వచ్చాయి. పంపులు, సోలార్ ప్యానెళ్ళు, క్రేన్లు, చివరికి సైట్‌లో తిరిగే ట్రక్కులు కూడా. గల్ఫ్ నుంచి చమురు ఓడలు వెళ్తున్నాయి, చైనా నుంచి యంత్రాల ఓడలు వస్తున్నాయి. నేను చేరేసరికి ఆ ప్లాంటులో అమెరికాది అంటూ మిగిలింది ఉదయం ఆరు గంటల మీటింగ్ ఒక్కటే. అది నడిపేది నేను.

మా మేనేజర్ యాభై దాటిన టెక్సస్ ఆవిడ. మంచిదే, కానీ ప్రతి ఈమెయిల్‌నీ తుపాను హెచ్చరికలా చదివేది. ఆవిడకు నా పనిలో బాగా నచ్చింది నేను తయారుచేసిన క్యాలెండర్. గల్ఫ్‌వాళ్ళకు సెలవు శుక్ర, శనివారాలు. చైనావాళ్ళకూ మాకూ శని, ఆదివారాలు. ముగ్గురికీ కలిసే రోజులు వారానికి నాలుగే. అందులోంచి రంజాన్ నెలలో తగ్గే పనిగంటలు, చైనా కొత్త సంవత్సరం, మా థ్యాంక్స్‌గివింగ్ సెలవులు తీసేస్తే మిగిలేది కొంచెం. ఆ కాస్తనే నేను మూడు రంగుల్లో వేసి పెట్టాను. ఆవిడ దాన్ని పెద్దగా ప్రింట్ చేయించి గోడకు పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "వాళ్ళు మనకు డబ్బిచ్చేది దీనికే" అనేది. ఆ మాట నిజమని అప్పుడు నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.

ఆ క్యాలెండర్‌లో ఒక తప్పుంది. చైనాలో పెద్ద సెలవులు ఊరికే ఇవ్వరు. అక్టోబరు మొదట్లో వారం రోజులు సెలవిస్తే, దానికి బదులు ముందో వెనకో ఒక ఆదివారమో శనివారమో ఆఫీసుకు రమ్మంటారు. నాకు తెలుసు. తెలిసే వేయలేదు. ఆదివారాల నిలువు వరుస మొత్తానికీ బూడిదరంగు పూసేశాను. ఆదివారం మా ఆఫీసు ఉండదు కదా, ఇక వాళ్ళకు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అనుకున్నాను. గల్ఫ్‌లో ప్రతి ఆదివారమూ పనిరోజే. అంటే ఆ ఒక్క ఆదివారం వాళ్ళిద్దరూ కుర్చీల్లో ఉంటారు, నేను మంచం మీద ఉంటాను.

ఉన్నాను కూడా.

గల్ఫ్ సైట్‌లో కాగితాలన్నీ చూసుకునే అన్న ఒకాయన ఉండేవాడు. జగిత్యాల దగ్గర ఊరు, పంతొమ్మిదేళ్ళుగా అక్కడే. మీటింగ్‌కు ఐదు నిమిషాలు ముందే లైన్‌లోకి వచ్చేవాడు. మిగతావాళ్ళు వచ్చేలోగా తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. మొదట కొరియావాళ్ళ కింద చేశాడట, తర్వాత అమెరికావాళ్ళు, ఇప్పుడు చైనావాళ్ళు. "ఫైలు రంగు మారుతది చెల్లె, ఎండ మారదు" అనేవాడు.

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదికి లేచి, ఇండియన్ స్టోర్‌కు వెళ్ళి, ములక్కాడల ముందు నిలబడి ఫోన్ చూశాను. అన్న దగ్గర్నుంచి మూడు మెసేజులు. మొదటిది: చెల్లె, పెద్ద పంపు వణుకుతుంది, లేవంగనే ఫోన్ చెయ్. రెండోది: మీ అమెరికాల ఆదివారం నాడు దేవుడు కూడా ఫోన్ ఎత్తడా. మూడోది: పండుకో చెల్లె, అయిపోయింది.

అయిపోయిందన్నాడు కదా అని హాయిగా ఊపిరి తీసుకున్నాను. ఆ మూడో మెసేజ్‌కు థంబ్స్ అప్ పెట్టాను. నా ఉద్యోగం పోయిందన్న వార్తకు నేను ఇచ్చిన జవాబు అదే. ములక్కాడలు ముదిరాయి, కొనలేదు.

జరిగిందేమిటో సోమవారం తెలిసింది. పంపు వణకడం మొదలవగానే సైట్‌లో పెద్ద ఇంజనీరు, అక్కడి అరబ్బు ఆయన, అన్నను పిలిచి చైనా కంపెనీ నంబరు ఏదన్నాడు. క్లాజు ప్రకారం ఆ నంబరు మా దగ్గరే ఉండాలి. కానీ పంపుకు బిగించిన రేకు మీద నాలుగేళ్ళ నుంచీ అచ్చు వేసి ఉంది. అన్న చదివి చెప్పాడు, ఆయన డయల్ చేశాడు. అటువైపు చైనా ఇంజనీరు, నా వయసు అమ్మాయే, బదులు ఆదివారం కాబట్టి ఆఫీసులోనే ఉంది. ఒక వాల్వు రెండు చుట్లు బిగించమంది. బిగించారు. నలభై నిమిషాల్లో వణుకు ఆగింది.

మా పద్ధతిలో అయితే సోమవారం మీటింగ్‌లో సమస్య చెప్పాలి. మాట్లాడుకున్నదంతా నేను మినిట్స్‌గా రాయాలి. మేనేజర్ వాటిని దిద్దాలి. మంగళవారం అవి చైనాకు వెళ్ళాలి. బుధవారం వాల్వు బిగించాలి. ఈలోగా పంపు కూడా తన నిర్ణయం తాను తీసుకుని ఉండేది.

ఇంకో విషయం, ఆ ఇద్దరికీ ఇంగ్లీష్ శుభ్రంగా వచ్చు. నాలుగేళ్ళుగా నేను ఒకరి ఇంగ్లీషును ఇంకొకరికి ఇంగ్లీషులో చెబుతున్నాను.

ఆ సోమవారం గంట సేపు జరగాల్సిన మీటింగ్ పదకొండు నిమిషాల్లో ముగిసింది. అజెండాలో అన్నిటికీ ఆ చైనా అమ్మాయి "క్లోజ్‌డ్" అంది, అంటే తేలిపోయిందని. మేనేజర్ తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. మనల్ని వెన్నుపోటు పొడిచారంది. ఇది యుద్ధమంది. బిగించింది వాల్వు రెండు చుట్లేనండీ అన్నాను. ఆవిడ వినలేదు. క్లాజును గుర్తుచేస్తూ ఇద్దరికీ ఒక ఉత్తరం రాయమంది. డిసెంబరులో ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి, అది జరగకపోతే నీ పరిస్థితి నీకు తెలుసు కదా అని కూడా అంది. తెలుసు. ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ నా వీసాను ఎత్తుకోవాలి, లేదా నేను పెట్టె ఎత్తుకోవాలి.

ఉత్తరం బాగా రాశాను. దయచేసి మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు అనే సంగతిని, మీ పరస్పర సహకారం పట్ల మాకు ఎంతో గౌరవం ఉంది అనే మాటతో మొదలుపెట్టి, మూడు పేరాలు నడిపి, ఎక్కడా వద్దు అనే మాట వాడకుండా ముగించాను. నేను ఆ ఉద్యోగంలో చేసిన పనుల్లో నిజంగా నైపుణ్యం కావలసింది అదొక్కటే.

మర్నాడు ఇద్దరి దగ్గర్నుంచీ జవాబులు వచ్చాయి. మీ సూచనను గమనించాము, ధన్యవాదాలు. ఒకటి గల్ఫ్ నుంచి, ఒకటి చైనా నుంచి, కామాతో సహా అదే వాక్యం. కూడబలుక్కుని రాసుకున్నారు. మేనేజర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.  తర్వాత రెంటినీ కలిపి స్టేపుల్ కొట్టి నా చేతికిచ్చింది.

ఆ తర్వాత మీటింగులు మర్యాదగా జరిగాయి. నేను అజెండా చదివేదాన్ని, వాళ్ళు అప్పటికే తేల్చుకున్న సంగతులు నాకు వివరించేవాళ్ళు. పెళ్ళి సంబంధం కుదిరాక ఇంట్లో ముసలమ్మకు చెప్పినట్టు.

డిసెంబరు మొదటి వారంలో గల్ఫ్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పందం పొడిగించడం లేదు. మా రెండు సంస్థలనూ ఇంత దగ్గర చేసినందుకు మీకు కృతజ్ఞతలు అని చివర్లో రాశారు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే రాశారు. మేనేజర్ ఏడ్చింది. ఆవిడను వేరే ప్రాజెక్టులో వేశారు, నన్ను వేయలేదు. ఏడుస్తూనే నాకు రెఫరెన్స్ రాస్తానంది. నేను ఆవిడకు టిష్యూ అందించాను. ఏమైనా అనిపించాలేమో అని కాసేపు ఎదురుచూశాను. ఏసీ చల్లగా ఉందని మాత్రం అనిపించింది.

అరవై రోజుల్లో ముప్పైకి పైగా అప్లికేషన్లలో గడిచాయి. రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెంటిలోనూ మీరు అక్కడ సరిగ్గా ఏం చేసేవారు అని అడిగారు. ఆంటీలు వేయని రెండో ప్రశ్న. సరిగ్గా చెప్పాను. తర్వాత ఫోన్లు రాలేదు.

ఒక మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. పలకరింపులేవీ లేవు.

"నిజం చెప్పు చెల్లె. నా వల్లనే పోయిందా నీ నౌకరి?"

పంపు మీది నంబరు చదివింది ఆయనే. కాదనడానికి లేదు. 

"మీరు చదవకపోతే ఇంకొకరు చదివేవారన్నా. రేకు మీద అంత పెద్ద అక్షరాలతో వేశారు."

"సార్‌కు చెప్త. ఆ పొద్దు నువ్వు చెప్తేనే ఫోన్ చేసినమని చెప్త. మల్ల మీ ఒప్పందం రాయమంట."

"అబద్ధం బయటపడితే మీదీ పోతుంది. అప్పుడు ఇద్దరం కలిసి ఖాళీ. నాకు తోడు అక్కర్లేదు."

 అన్న మెల్లగా అన్నాడు: "ఆ పంపు బంద్ అయితే ఊళ్ళె నీళ్ళు పొద్దుగూకినంక బంద్ అయితయ్. మా క్యాంపుల ముందుగాల బంద్ అయితయ్. నువ్వు లేచేదాంక ఆగుదామనే అనుకున్న. ఆగబుద్ధి కాలే."

క్యాంపు అంటే ఆయనా, ఆయనలాంటి కొన్ని వందలమందీ ఉండే చోటు. నాలుగేళ్ళు మినిట్స్ రాశాను, ఆ నీళ్ళు ఎవరు తాగుతారో ఒక్కసారీ రాయలేదు. ఎవరూ అడగలేదు.

"మంచి పని చేశారన్నా" అన్నాను. నిజంగానే అన్నాను. జోకు కోసం వెతికాను, దొరకలేదు.

"ఆ చైనా పిల్ల నీ నంబరు అడిగింది. ఇచ్చిన. మల్ల తప్పు చేసిన్నా?"

వారం తర్వాత ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. గల్ఫ్ కంపెనీతో కలిసి వాళ్ళు అక్కడే ఒక ఆఫీసు తెరుస్తున్నారట. పాత అమెరికన్ సప్లయర్లతో ఇంకా కొన్ని పంచాయితీలు మిగిలి ఉన్నాయట. వాళ్ళకు రాసేందుకు మనిషి కావాలట. మీరు రాసిన ఉత్తరం మేమిద్దరం చదివాము, అంత మర్యాదగా ఎవరూ మమ్మల్ని ఎప్పుడూ ఆపలేదు అని రాసింది. ఎగతాళా అని రెండుసార్లు చదివాను. కింద ఆఫర్ లెటర్ ఉంది.

ఇంట్లో ఫోన్ చేసి చెప్పాను. అమెరికా నుంచి గల్ఫ్‌కా అని నాన్న ఒకటే మాట అన్నాడు. అవునన్నాను. సరే అక్కడ ఎండ ఎక్కువ అన్నాడు.

అరవైలో ఇంకా పన్నెండు రోజులున్నాయి. సంతోషమో బాధో ఏదో ఒకటి వస్తుందేమోనని సోఫాలో కూర్చున్నాను. రాలేదు. సంతకం పెట్టి పంపించి, కారు అమ్మకానికి ఫోటోలు తీయడానికి కిందికి దిగాను. నెలన్నర దుమ్ము ఉంది. ఫోటోలో పడే వైపు మాత్రం కడిగాను.