ఎస్ అంటే పడదన్నాను

మా అమ్మ మందు గోలీలను విత్తనాల మాదిరిగా దాచేది. కంది విత్తనం కుండలో, బీర గింజలు గుడ్డ మూటలో, సగం వాడిన గోలీల పట్టీలు బిస్కెట్ల రేకుడబ్బాలో. చదువు రాదు కాబట్టి రంగును బట్టి గుర్తుపట్టేది. తెల్లగా గుండ్రంగా ఉంటే జ్వరానికి, పసుపుపచ్చనిది విరేచనాలకు, సగం ఎరుపు సగం నలుపు ఉన్న గొట్టం గోలీ మూత్రం మంటకు. ఆ గొట్టం గోలీకి మా వాడలో మంచి పేరుండేది. ఆడవాళ్ళు కొంగు చాటున చెయ్యి చాపి, గుసగుసగా అడిగి పట్టుకుపోయేవాళ్ళు.

మా ఊరు దేవరకొండ దిక్కు. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఐదు రోజులకు గోలీలిస్తే, రెండో రోజుకే మంట తగ్గిందని అమ్మ మూడో రోజు మింగేది కాదు.

"డాక్టరు ఐదు దినాలు మింగుమన్నడు కదనే" అంటే, నన్నే ఎగాదిగా చూసేది.

"తగ్గినంక ఇంకెందుకు మింగుడు? దాస్తే ఇంకోపారి అక్కరకొస్తది. అమ్ముకునేటోడు ఐదనక రెండంటడా?"

ఆ వాదన నాకు నచ్చేది. డాక్టర్ల మాట నమ్మకపోవడం మా ఇంట్లో తెలివి కింద లెక్క.

నేనేం తక్కువ తిన్నాను? జడ్చర్ల దగ్గర సర్కారు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆడటీచర్లకు ఉన్న ఒక్క బాత్రూంలో నీళ్ళుంటే గొళ్ళెం ఉండదు, గొళ్ళెం పెట్టిస్తే నీళ్ళు రావు. దాని మీద నేను రాసిన అర్జీలన్నీ కుడితే ఒక పుస్తకం అవుతుంది. అందుకని పొద్దున ఒక్క గుక్క తాగి, సాయంత్రం ఇల్లు చేరేదాకా గొంతు తడపకుండా పాఠాలు చెప్పేదాన్ని. నెల తిరగకుండా మంట వచ్చేది. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు, మజ్జిగ తాగి, తగ్గకపోతే అమ్మ గోలీ మింగేదాన్ని. ఊరికి పోయినప్పుడల్లా ఆమె జొన్నపిండి మూటలో నాలుగు దోపి పంపేది. వాటిని స్టాఫ్‌రూంలో తోటి టీచర్లకు కూడా పంచాను. "మా అమ్మ గోలీ, రెండు పూటల్లో తగ్గకపోతే నన్నడుగు" అని జమానతు కూడా ఇచ్చాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్ళకు ఆ గోలీ అమ్మకు పనిచేయడం మానేసింది. రెండు మింగింది, నాలుగు మింగింది. మంట అట్లాగే ఉంది, దాని వెనక చలిజ్వరం వచ్చింది. మహబూబ్‌నగర్‌కు తెచ్చి ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాను. పెద్ద డాక్టరు మూత్రాన్ని ఏదో పరీక్షకు పంపుతున్నామన్నాడు. ఏం పరీక్ష అని అడగడానికి నాకు నోరు లేకనా? ఆ పూట సెలవు ఇవ్వనన్న హెడ్మాస్టరుతో ఫోన్లో కొట్లాడుతున్నాను. అమ్మకు సూది మందు మొదలుపెట్టారు. మూడు రోజులు గడిచినా జ్వరం దిగలేదు.

శనివారం సాయంత్రం నర్సు ఒక కాగితం, ఒక కొత్త మందు సీసా పట్టుకుని వచ్చింది. నారాయణపేట పిల్ల, నా దగ్గర చదివిన పిల్లల కంటే నాలుగేళ్ళు పెద్దదేమో.

"మేడం, రిపోర్టు వచ్చింది. పాత సూది బంద్ చేసి గిది పెట్టుమన్నడు సారు ఫోన్ల."

కాగితం లాక్కున్నాను. పై నుంచి కింది దాకా మందుల పేర్లు. వాటి పక్కన దాదాపు అన్నింటికీ ఆర్ అని ఉంది. అట్టడుగున రెండింటికి మాత్రం ఎస్. కింద చిన్న అక్షరాల్లో వివరం రాశారు. ఆర్ అంటే రెసిస్టెంట్, ఎస్ అంటే సెన్సిటివ్.

ఇంగ్లీషు టీచరును. సెన్సిటివ్ అంటే సున్నితం, ముట్టుకుంటే కందిపోవడం. అంతకు ముందు ఏడాదే ఒక సూదికి అమ్మ ఒళ్ళంతా దద్దుర్లు పొంగాయి. అంటే ఆ రెండూ ఆమెకు పడనివి. మరి రెసిస్టెంట్ అంటే? ఎదిరించేది. నల్లగొండ జిల్లాలో పుట్టినదాన్ని. బందూకు పట్టి దొరలను ఎదిరించినవాళ్ళ ముచ్చట్లు విని పెరిగాను. ఎదిరించడం అనే మాట నాకు చెడ్డగా ఎట్లా వినిపిస్తుంది? ఆర్ ఉన్నవన్నీ రోగాన్ని ఎదిరించేవనుకున్నాను. అప్పటికి పెడుతున్న పాత సూది పక్కన కూడా ఆర్ ఉంది. నర్సు చేతిలో ఉన్నదాని పక్కన ఎస్ ఉంది.

"ఇది మా అమ్మకు పడదు. పెట్టొద్దు" అన్నాను.

"కాదు మేడం, ఎస్ అంటే..."

"ఎస్ అంటే నాకు చెప్తవా? ఇరవై ఏండ్ల సంది ఇంగ్లీషు చెప్తున్న. ఇన్ని మంచియి ఉండంగ ఏరి ఏరి పడనిదే దొరికిందా మీకు?"

"పడుడు, పడకపోవుడు కాదు మేడం, అది పురుగు..."

"సెన్సిటివ్ స్పెల్లింగ్ చెప్పు జర."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. డ్యూటీ డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన నా నోరు చూసి, "అలర్జీ అంటున్నరు కదా, సోమవారం సారు చూస్తడు, పాతదే నడవనీ" అని జారుకున్నాడు. ఇంటివాళ్ళు వద్దన్నారని కేసు కాగితం మీద రాసి సంతకం అడిగారు. ఇంగ్లీషులో చేశాను, కింద గీత కూడా గీశాను.

మంచం మీద నుంచి అమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. జ్వరంతో పెదవులు పగిలిపోయాయి, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. పక్క మంచం ఆమెతో అంది, "చూసినవా, నా బిడ్డ నోరు తెరిస్తే నర్సు నోరు మూతవడ్డది. చదివిపిచ్చింది ఊకెనే పోలే."

నా చెయ్యి పట్టుకుని, "ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా" అంది.

ఆదివారం ఆమెకు మాట తడబడింది. నన్ను వాళ్ళ అక్క పేరుతో పిలిచింది. జ్వరం తలకెక్కిందనుకుని తడిగుడ్డలు వేశాను. సోమవారం పొద్దున పెద్ద డాక్టరు వచ్చి కాగితాలు తిరగేసి, "ఎవరు ఆపిన్రు ఈ సూదిని?" అని అరిచాడు. నర్సు నా సంతకం ఉన్న పేజీ తిప్పి ఆయన ముందు పెట్టింది.

నేను వాదించడానికి నోరు తెరిచాను. సెన్సిటివ్, దద్దుర్లు, రెసిస్టెంట్, అన్నీ చెప్పాను. ఆయన కోపం దిగిపోయింది. ఆ దిగిపోవడం చూస్తేనే నాకు భయం పుట్టింది.

"ఎదిరిస్తున్నది మందు కాదమ్మా, రోగం తెచ్చిన పురుగు. ఆర్ అన్న మందులన్నీ దానికి అలవాటైనయి, చావదు. ఎస్ అన్న ఆ రెండిటికే చస్తది" అన్నాడు.

ఆ పూటే కొత్త సూది పెట్టారు. అప్పటికే విషం రక్తంలోకి ఎక్కింది. మూత్రం రావడం ఆగింది. హైదరాబాద్ తీసుకుపోయాం. గురువారం అమ్మ పోయింది.

"శనివారమే పెట్టి ఉంటే?" అని తర్వాత పెద్ద డాక్టరును అడిగాను. అయినా బతికేది కాదమ్మా అని ఆయన నాతో గట్టిగా వాదించాలని, నన్ను ఓడించాలని ఎంత కోరుకున్నానో! ఆయన "చెప్పలేమమ్మా" అన్నాడు.

దినాలు అయిపోయాక ఊళ్ళో అమ్మ గోలీల డబ్బా తెరిచి కూర్చుంటే పక్కింటామె వచ్చింది.

"టీచరక్కా, మా పిల్లకు మంటంట. పెద్దమ్మ ఇచ్చేది గదా, ఎర్ర నల్ల గోలీ, రెండుంటే ఇయ్యరాదా?"

ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పాను. సగం సగం మింగితే చావగా మిగిలిన పురుగు మొండిదవుతుందని, దాన్ని మేమే సాకామని, దవాఖానకు తీసుకుపొమ్మని. ఓపికగా విన్నది.

"అంటే ఇయ్యవన్నట్టు."

"ఇయ్య."

"లేవంటే అయిపోతుండె గదక్కా, గింత పురాణమెందుకు?" అని లేచి, నేరుగా ఆరెంపీ ఇంటి దిక్కు నడిచింది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.

ఆ డబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పెంటకుప్ప మీద వేస్తే ఎవరో ఒకరు ఏరుకుంటారు.

మొన్న నాకు మళ్ళీ మంట మొదలై జ్వరం వచ్చింది. ఈసారి అడిగి మరీ అదే పరీక్ష చేయించుకున్నాను. కాగితం ఇస్తూ ల్యాబ్ అమ్మాయి, "చదివి చెప్పాల్నా మేడం, మీరే చూసుకుంటరా?" అంది.

"చెప్పమ్మా" అన్నాను.

పేరు పేరు మీదా వేలు పెట్టి చదవసాగింది. ఆర్, ఆర్, ఆర్. సగం కాగితం దిగినా వేలు ఆగలేదు. నేను నోరు మూసుకుని వింటున్నాను.